వెకిలి నవ్వులు, మన ఆగ్రహం

 

2022 ఫిబ్రవరిలో ఒక జుమా నాడు జరిగిన సంగతితో ఈ మాట మొదలుపెడతాం. అమెరికాలో అప్పుడే విడుదలైన ఒక హాస్య చిత్రం గురించి ఆ వారం పత్రికలో చదివాం. కొందరు మగవాళ్ళు కావాలని ఒళ్ళు హూనం చేసుకుంటారు. ఒకడు దెబ్బ తిని విలవిల్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వుతారు. సినిమా అంతా అదేనట. మాకు ఒళ్ళు మండింది. ఖుత్బాకు ముందు చేసే తెలుగు బయాన్‌లో పావుగంట సేపు దాని మీదే విరుచుకుపడ్డాం. సినిమా పేరు చెప్పాం, అందులోని రెండు మూడు ఘట్టాలు కూడా వర్ణించాం. మస్జిద్ నిశ్శబ్దంగా విన్నది. చాలా బాగా చెప్పామనే అనుకున్నాం.

నమాజ్ అయి బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి దగ్గరికొచ్చి సలాం చేశాడు. "హజ్రత్, ఆ సినిమా పేరు ఇంకోసారి చెప్తారా?" అని అడిగాడు. వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. అంతకు ముందు దాని పేరు వాడికి తెలియదు. చేతిలో చెప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాం.

ఆ సినిమా పేరు 'జాకాస్'. మగ గాడిద అని అర్థం, మొద్దు అని కూడా. 2000 అక్టోబరులో అమెరికాలోని ఎమ్‌టీవీలో ఇది ఒక టీవీ కార్యక్రమంగా మొదలైంది. జానీ నాక్స్‌విల్ అనే నటుడు, అతని మిత్రబృందం ఎత్తుల మీద నుంచి దూకేవారు, జంతువుల చేత కుమ్మించుకునేవారు, మలమూత్రాలతో వెకిలి చేష్టలు చేసేవారు, దారిన పోయేవారిని హడలగొట్టేవారు. ఒక భాగంలో నాక్స్‌విల్ మంటలకు కాలని దుస్తులు ధరించి, మాంసం ముక్కలు కట్టుకుని నిప్పుల మీద పడుకున్నాడు. తెర మీద అది తమాషా. 2001 ఆరంభంలో కనెక్టికట్ రాష్ట్రంలో 13 ఏళ్ళ బాలుడు ఒకడు అలాంటి పని చేయబోయి తీవ్రంగా కాలిపోయాడు. ఆ బాలుడి ఒంటి మీద మంటలకు కాలని దుస్తులు లేవు.

అప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. అంతకు ముందు ఏడాదే ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి ఉన్న సెనేటర్ జో లీబర్‌మన్ ఆ చానల్‌ను బాహాటంగా ఖండించాడు. పత్రికల్లో సంపాదకీయాలు, టీవీల్లో చర్చలు నడిచాయి. ఎమ్‌టీవీ ఆ కార్యక్రమాన్ని రాత్రి 10 గంటల తర్వాతకు జరిపింది. మరి ఫలితమేమిటి? 2002 అక్టోబరులో అదే బృందం వెండితెర మీదికొచ్చింది. 50 లక్షల డాలర్లతో తీసిన సినిమా మొదటి మూడు రోజుల్లోనే 2 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసి, ఆ వారం అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. 2006లో రెండోది, 2010లో మూడోది, 2022లో ఇంకొకటి వచ్చాయి. ప్రతిదీ విడుదలైన వారం మొదటి స్థానంలోనే ఉంది. తిట్టిన ప్రతిసారీ గిరాకీ పెరిగిందని మేము లెక్కగట్టి నిరూపించలేం. తగ్గలేదన్నది మాత్రం కళ్ళ ముందే ఉంది.

ఆ సినిమాకు ఇచ్చిన రేటింగు ప్రకారం 17 ఏళ్ళ లోపువారు తల్లినో తండ్రినో సంరక్షకుణ్ణో వెంటబెట్టుకుని రావాలి. ఈ రేటింగుల సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2000 సెప్టెంబరులో ఒక నివేదిక వెలువరించింది. హింస కారణంగా ఇదే రేటింగు పొందిన 44 సినిమాల ప్రచార పత్రాలను అది తిరగేసింది. వాటిలో 35 సినిమాల ప్రచారం 17 ఏళ్ళ లోపు పిల్లలను గురిచూసి చేసినదేనని తేల్చింది. ('జాకాస్' సినిమా అప్పటికింకా రాలేదు. కాబట్టి ఈ లెక్క దానిది కాదు, మొత్తం పరిశ్రమది.) బోర్డు మీద 'పిల్లలకు కాదు' అని రాస్తారు, గాలం మాత్రం పిల్లలున్న నీళ్ళలోనే వేస్తారు. మద్యం దుకాణం ముందు మిఠాయి పొట్లాలు వేలాడదీసినట్టన్నమాట.

సోదరులారా! ఇక మీడియా ఆగ్రహం సంగతి చూద్దాం. చానల్‌లో కూర్చున్న వ్యాఖ్యాత ముఖం చిట్లించి 'సమాజం ఎటు పోతోంది?' అని అడుగుతాడు. అతని వెనుక తెర మీద ఆ దృశ్యమే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. సినిమాకు వెళ్ళనివాడు కూడా ఆ అరగంటలో దాన్ని పదిసార్లు చూస్తాడు, మధ్యలో ప్రకటనలు కూడా వస్తాయి. విశ్వాసుల మధ్య అశ్లీలం వ్యాపించాలని కోరుకునేవారికి ఇహపరాలు రెండింటిలోనూ బాధాకరమైన శిక్ష ఉందని దివ్య ఖుర్ఆన్ అన్‌నూర్ సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఆ సందర్భం ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. అది విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)పై వేసిన అపనింద సందర్భం. నింద పుట్టించినవారు కొద్దిమంది. దాన్ని నోటి నుంచి నోటికి మోసినవారు ఎక్కువమంది, వారిలో మంచివారు కూడా ఉన్నారు. ఆ మోసినవారిని కూడా అల్లాహ్ మందలించాడు. 'మేము ఖండించడానికే చెప్పాం' అన్న సాకు ఎంతవరకు చెల్లుతుందో ఆ వ్యాఖ్యాతే కాదు, మింబర్ దగ్గర నిలబడి సినిమా ఘట్టాలు వర్ణించిన మేమూ ఆలోచించుకోవాలి.

ఇంత మాట అన్నాక కొందరు యువకులు అడుగుతారు: 'అంటే ఇస్లాంలో నవ్వకూడదా హజ్రత్?' అని. మన ముఖాలు చూసి వారికి ఆ అనుమానం రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. దైవప్రవక్త (స) చిరునవ్వు లేని ముఖంతో ఉండేవారు కారు. హజ్రత్ అనస్ (రజి) పసి తమ్ముడి దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. ఆయన (స) వారింటికి వెళ్ళినప్పుడు ఆ పసివాణ్ణి ప్రాస కలిపి పిలిచి పిట్ట సంగతి అడిగేవారు. సవారీకి ఒంటె కావాలని వచ్చిన ఒకతనితో ఒంటె పిల్లను ఇస్తామన్నారు. పిల్లతో నేనేం చేసుకోను అని అతను తెల్లబోతే, ఎంత పెద్ద ఒంటె అయినా ఏదో ఒక ఒంటెకు పిల్లే కదా అన్నారు.

జాహిర్ (రజి) వృత్తాంతం ఇంకా ముచ్చటైనది. ఆయన పల్లెటూరి మనిషి, చూడటానికి అందగాడు కాదు. పల్లె నుంచి సరుకు తెచ్చి మదీనా బజారులో అమ్ముకునేవాడు. ఒకరోజు ఆయన అమ్మకంలో మునిగి ఉండగా దైవప్రవక్త (స) వెనుక నుంచి వచ్చి గట్టిగా వాటేసుకున్నారు. ఎవరది, వదలండి అంటూ జాహిర్ వెనక్కి తిరిగి చూసి, ఎవరో గుర్తుపట్టి, తన వీపును ఆ శుభప్రదమైన ఛాతీకి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు. ఈ దాసుణ్ణి ఎవరు కొంటారు అని ఆయన (స) బజారుకు వినబడేలా పరిహాసమాడారు. నన్ను అమ్మితే మీకు గిట్టుబాటు కాదు, నేను కారుచవక అన్నాడు జాహిర్. అల్లాహ్ దగ్గర నీవు చవక కాదు, ఎంతో విలువైనవాడివి అని ఆయన (స) బదులిచ్చారు.

ఇదీ వెనుక నుంచి వచ్చి చేసిన పరిహాసమే, నడిబజారులో చేసినదే. అయితే అది మొదలైనప్పుడు తాను చవకనని అనుకున్న మనిషి, అది ముగిసేసరికి తన విలువ తెలుసుకున్నాడు. 'జాకాస్' నవ్వులో మనిషి ఖరీదు కిందికే పడుతుంది. మన హైదరాబాదీ భాషలో దీనికి ఒక మాట ఉంది, 'బక్రా చేయడం' అని. 2000 ప్రాంతంలో ఇక్కడి ఎమ్‌టీవీలో కూడా 'బక్రా' పేరుతోనే దారినపోయేవారిని ఆటపట్టించే కార్యక్రమం వచ్చేది. పేరు ఎంత నిజాయితీగా పెట్టారో చూడండి. ఎదుట ఉన్నది మనిషి కాదు, మేక.

ఒక ప్రయాణంలో సహాబాల్లో ఒకరు నిద్రపోయారు. ఇంకొకరు వెళ్ళి ఆయన దగ్గరున్న తాడు తీశారు. పడుకున్నాయన ఉలిక్కిపడి లేచారు. దెబ్బ తగలలేదు, రక్తం రాలేదు, ఉలిక్కిపడటం మాత్రమే జరిగింది. అంతమాత్రానికే దైవప్రవక్త (స), ఒక ముస్లింను భయపెట్టడం మరో ముస్లింకు ధర్మసమ్మతం కాదని ప్రకటించారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ఈ ఉల్లేఖనం ముందు నేటి 'ప్రాంక్' వీడియోల్లో ఎన్ని నిలుస్తాయి? అలాగే ముఖం మీద కొట్టరాదని ఆయన (స) వారించారు. మన తెలుగు సినిమా హాస్యంలో సగం దేని మీద నడుస్తోంది? చెంపదెబ్బ మీద. హాస్యనటుడి చెంప ఛెళ్ళుమంటేనే హాలు ఘొల్లుమంటుంది. నత్తి ఉన్నవాడు, నల్లనివాడు, లావుపాటి స్త్రీ, పొట్టివాడు కనబడితే చాలు, రచయితకు కలంతో పని ఉండదు. ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయరాదని, వారే వీరికంటే మెరుగైనవారు కావచ్చునని అల్‌హుజురాత్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఈ ఆజ్ఞను అమెరికాకు పంపి, మనం మాత్రం పెళ్ళి దావత్‌లో ఎవరి నడకనో అనుకరిస్తూ కూర్చుంటాం.

తమ ఒంటికి తామే హాని చేసుకునేవారి సంగతి వేరు అని అనకండి. శరీరం అమానత్. మీ చేతులారా మిమ్మల్ని మీరు వినాశనంలోకి నెట్టుకోవద్దని అల్‌బఖరా సూరాలో ఉంది. ఆ బృందంలోని ర్యాన్ డన్ 2011 జూన్‌లో మద్యం మత్తులో విపరీతమైన వేగంతో కారు నడిపి, 34 ఏళ్ళకే మరణించాడు. పక్కన కూర్చున్న మిత్రుడూ పోయాడు. ఈ వార్త చెప్పి 'చూశారా' అని చప్పట్లు చరిచే బయాన్‌లు మేము విన్నాం. మరణం మీద విశ్వాసి వేళాకోళం చేయడు. అదే బృందంలో స్టీవ్-ఓ అనే అతను మత్తుపదార్థాల్లో నిండా మునిగి, 2008లో వాటిని వదిలిపెట్టాడు. చావు వార్త చెప్పేవారు ఇతని సంగతి ఎందుకో చెప్పరు.

ఇక మా కథకు వద్దాం. ఆ జుమా తర్వాత రెండు వారాలకు ఒక సాయంత్రం అసర్ వేళ మస్జిద్ సందు చివర పెద్ద కేక వినబడింది. ఆ సందు మెయిన్ రోడ్డు వైపు బాగా దిగువకు పోతుంది. ముగ్గురు కుర్రాళ్ళు అరటిపళ్ళ తోపుడు బండిని, దాని యజమాని వుజూ చేసుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, పల్లం మీద నుంచి వదిలారు. ఒకడు బండి మీద కూర్చున్నాడు, ఒకడు తోశాడు, ఒకడు ఫోన్‌లో వీడియో తీశాడు. తోసినవాడు మమ్మల్ని సినిమా పేరు అడిగినవాడే. 2002 నాటి మొదటి సినిమా ప్రారంభంలో ఆ బృందమంతా ఒక పెద్ద షాపింగ్ బండిలో ఎక్కి ఇలాగే దొర్లుకుంటూ వస్తుందని తర్వాత తెలిసింది. ఇక్కడ బండి ముందు చక్రం విరిగింది. కూర్చున్నవాడి జబ్బ ఎముక విరిగింది. పళ్ళు డ్రైనేజీ పాలయ్యాయి.

ఆ వీడియో రాత్రికల్లా బస్తీ అంతా చూసింది. మేమూ చూశాం. ఇరవై సెకన్లు కూడా లేదు. చివర్లో ఒక ముసలాయన తడిచేతులతో, మడిచిన పైజామాతో, ఒక కాలికి చెప్పు లేకుండా పరుగెత్తుకొస్తూ కనబడతాడు. చూసినవారందరూ సరిగ్గా అక్కడే నవ్వారు. అబద్ధం ఎందుకు, మొదటిసారి మా పెదవి కూడా కదిలింది.

మరుసటి రోజు కమిటీ పెద్దలు కూర్చున్నారు. ఆ ముగ్గురినీ మస్జిద్ మెట్లు ఎక్కనివ్వకూడదని ఒకరు, పోలీసులకు అప్పగించాలని ఒకరు అన్నారు. ఫోన్‌లే ఈ తరాన్ని నాశనం చేశాయని ఫోన్ చూస్తూనే ఇంకొకరు అన్నారు. మాలోనూ కోపం తక్కువగా లేదు. ఆ కోపంలో సగం మా మీద మాకున్నదే.

అప్పుడు మదరసాలో చదివిన రెండు హదీసులు గుర్తుకొచ్చాయి. ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలోకి వచ్చి, ఒక మూల మూత్ర విసర్జన చేయసాగాడు. ఇంతకంటే మోటు పని ఏముంటుంది? సహాబాలు ఆగ్రహించి అతని మీదికి లేచారు. దైవప్రవక్త (స) వారిని ఆపారు. అతన్ని పని ముగించుకోనివ్వమన్నారు. తర్వాత ఆ చోట ఒక బకెట్టు నీళ్ళు పోయమన్నారు. మీరు సులభతరం చేయడానికే పంపబడ్డారు, కష్టతరం చేయడానికి కాదు అని సహాబాలకు బోధించారు. ఆ పైన అతన్ని పిలిచి, మస్జిద్‌లు దేనికోసం ఉన్నాయో మెల్లగా చెప్పారు. ఆ సభలో ఆగ్రహం చాలామందికి కలిగింది. నీళ్ళ సంగతి ఆలోచించినవారు మాత్రం ఒక్కరే.

రెండోది ముస్నద్ అహ్మద్‌లో హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖించినది. ఒక యువకుడు వచ్చి, వ్యభిచారానికి అనుమతి ఇవ్వమని నిండు సభలో అడిగాడు. జనం గద్దించారు. ఆయన (స) మాత్రం అతన్ని దగ్గరికి రమ్మన్నారు. కూర్చోబెట్టి, నీ తల్లి విషయంలో దీన్ని ఇష్టపడతావా అని అడిగారు. లేదన్నాడు. నీ కూతురు, నీ చెల్లెలు, నీ మేనత్త, నీ పినతల్లి అని ఒక్కొక్కరి గురించీ అడిగారు. ప్రతిసారీ లేదనే అన్నాడు. ఇతరులు కూడా ఇష్టపడరు కదా అన్నారు. అతని మీద చెయ్యి వేసి, అతని పాపాల మన్నింపు కోసం, మనసు నిర్మలత్వం కోసం, శీల రక్షణ కోసం దుఆ చేశారు. ఆ తర్వాత ఆ యువకుడు అటువైపు తిరిగి చూడలేదట. గమనించండి, ఆ దుఆ జరిగింది చేతికి అందేంత దగ్గరలో. మైకు పెట్టుకుని అంత దగ్గరికి వెళ్ళలేం.

కమిటీని ఒక వారం ఆగమని బతిమాలుకున్నాం. ఆ ముగ్గురినీ మగ్రిబ్ తర్వాత మా గదికి రమ్మని కబురు పెట్టాం. ఇద్దరు వచ్చారు, జబ్బకు కట్టుతో ఒకడు, తోసినవాడు ఒకడు. చాయ్ పోశాం. బయాన్ చెయ్యలేదు. వాళ్ళ వీడియోనే పెట్టి, చివరి ఐదు సెకన్ల దగ్గర ఆపాం. "ఈ పరుగెత్తేది మీ అబ్బా అయితే?" అని అడిగాం. తోసినవాడి నాన్న ఆటో నడుపుతాడు. వాడు గ్లాసు కింద పెట్టి చాలాసేపు నేల చూశాడు. ఆ తర్వాత, "ఆయన చెప్పు దొరికిందా హజ్రత్?" అని అడిగాడు. మేము అంతవరకు బండి గురించే ఆలోచించాం, చెప్పు సంగతి మాకు తట్టలేదు.

ఇది హఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కుల వ్యవహారం. నష్టపోయినవాడు క్షమించనిదే, వెయ్యి రకాతుల నఫిల్ నమాజులతో కూడా తీరదని వాళ్ళకు అప్పుడే చెప్పాం. చక్రం బాగుచేయించడానికి వడ్రంగికి ఇవ్వాల్సినది, పళ్ళ ఖరీదు కలిపితే వాళ్ళ స్తోమతకు పెద్ద మొత్తమే. కొంత ఇళ్ళల్లో ఇచ్చారు. మిగతాది తీర్చడానికి తోసినవాడు నెలన్నర పాటు కాలేజీ అయ్యాక సాయంత్రం పూట ఆ పెద్దాయన బండి దగ్గర నిలబడ్డాడు. మొదటి రెండు రోజులు ఆయన వాడితో మాట్లాడలేదు. మూడో రోజు వాడి చేత గెల మోయించాడు. ఆ వీడియోను ఇద్దరూ తమ ఫోన్లలో తీసేశారు. బస్తీలో మిగతా ఫోన్లలో అది ఇంకా ఉండే ఉంటుంది.

తల్లిదండ్రులతో ఒక్క మాట. సినిమాల ధ్రువీకరణ విధానం మన దేశంలో 2024లో మారింది. 'యూఏ' సర్టిఫికెట్టును ఏడేళ్ళు, 13 ఏళ్ళు, 16 ఏళ్ళు అని మూడుగా విభజించారు. మంచిదే, చూసుకోండి. అయితే సినిమా హాలు గుమ్మం దగ్గర మనిషి ఉంటాడు, దుప్పటి కింద వెలిగే ఫోన్‌కు గుమ్మం లేదు. మీ అబ్బాయి ఏమి చూసి నవ్వుతున్నాడో అడగండి. పక్కన కూర్చుని చూపించమనండి. నచ్చకపోతే వెంటనే కేకలు వేయకండి, అందులో దెబ్బ తిన్నవాడు ఆ తర్వాత ఎలా ఇంటికి వెళ్ళి ఉంటాడని అడగండి. వాళ్ళకు పరుగు, కుస్తీ, ఈత, ఆట కావాలి. ఈద్ రోజున అబిసీనియా వాసులు మస్జిదె నబవీలోనే బల్లేలతో ఆడుతుంటే దైవప్రవక్త (స) ఆపలేదు, హజ్రత్ ఆయిషా (రజి)కి తమ భుజం చాటు నుంచి చూపించారు కూడా. మన మస్జిద్ ఆవరణలో కుర్రాళ్ళు బంతి ఆడితే ఎంతమంది పెద్దలు కర్ర పుచ్చుకుని వస్తారో మీకు తెలుసు.

మా గదికి రాని మూడోవాడు, వీడియో తీసినవాడు, ఇప్పటికీ మస్జిద్‌కు రావడం లేదు. వాళ్ళింటికి మేము నాలుగుసార్లు వెళ్ళాం. మొదటి మూడుసార్లు ఇంట్లో లేడని చెప్పించాడు. నాలుగోసారి తలుపు వాడే తీశాడు. సలాంకు జవాబు చెప్పి, "లోపల అమ్మీ పడుకుంది" అని గుమ్మంలోనే నిలబడ్డాడు. వచ్చే ఇత్వార్ మళ్ళీ వెళ్తున్నాం.